తెల్లటి ఫోటోలో నలుపు లెక్క

1957లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఫన్నీ ఫేస్’లో ఆడ్రీ హెప్‌బర్న్ ఫోటో ఒకటి కనిపిస్తుంది. నుదురు, బుగ్గలు, గడ్డం అన్నీ కాగితం తెలుపులో కలిసిపోయి ఉంటాయి. కళ్లు, కనుబొమలు, ముక్కు, పెదవులు మాత్రం మిగిలాయి. ఆ సినిమాకు దృశ్య సలహాదారుగా పనిచేసిన రిచర్డ్ అవెడాన్ చేతి పని అది. అందులో ఫ్రెడ్ ఆస్టైర్ వేసిన ఫోటోగ్రాఫర్ పాత్రను మలిచింది కూడా ఆయన్ని చూసే. ఏ ఊరి స్టూడియోలోనైనా కుర్రాడు అలాంటి ప్రింటు తెచ్చి చూపిస్తే, ‘ఓవర్ అయిపోయింది, మళ్లీ తియ్యి’ అంటాడు యజమాని. అయినా అది హెప్‌బర్న్ అని పోల్చుకోవడానికి ఎవరికీ క్షణం పట్టదు. హై కీ పోర్ట్రెయిట్ మీద దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న ఇదే. ముఖంలో ఎంత భాగాన్ని తెలుపుకి వదిలేయవచ్చు? ఎంత నలుపును పట్టి ఉంచుకోవాలి?

నిర్వచనం చిన్నదే. చిత్రంలోని ఛాయల్లో అధికభాగం నడిమి బూడిద రంగుకు పైన ఉండాలి, నీడలు పలచగా ఉండాలి. చిక్కంతా వాడుకలో ఉంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ముందు తీసిన ప్రతి ఫోటోనీ, ఎక్స్‌పోజర్ పెరిగిపోయిన ప్రతి ఫోటోనీ, ముఖం అసలు కంటే తెల్లగా వచ్చిన ప్రతి ఫోటోనీ హై కీ అనేస్తున్నారు. ఈ మూడూ వేరువేరు సంగతులు. వీటిని విడదీసి చూడకపోతే ఎక్స్‌పోజర్ గురించి గానీ కాంట్రాస్ట్ గురించి గానీ చెప్పే ఏ మాటా నిలబడదు.

మళ్లీ అవెడాన్ దగ్గరికే వెళ్తే తేడా బాగా తెలుస్తుంది. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఉన్న ఏమన్ కార్టర్ మ్యూజియం కోరిక మీద ఆయన 1979 నుంచి 1984 వరకు అమెరికా పడమటి రాష్ట్రాలు తిరిగి గని కార్మికులను, కసాయి పనివాళ్లను, దిమ్మరులను ఫోటోలు తీశాడు. 1985లో ‘ఇన్ ది అమెరికన్ వెస్ట్’ పేరుతో ప్రదర్శన పెట్టారు. ఎండ తగలని నీడపట్టున గోడకో బండికో తెల్ల కాగితం తగిలించి, 8×10 అంగుళాల ఫిల్ముతో తీసిన చిత్రాలవి. వెనకంతా తెలుపే. కానీ ముఖాల మీద ముడత ముడతకీ లోతుంది, బొగ్గు మసి బొగ్గు మసిలాగే ఉంది, కాంట్రాస్ట్ నిక్కచ్చిగా ఉంది. వాటిని హై కీ అనడానికి లేదు. ఆ తెలుపు ఊరినీ వాతావరణాన్నీ చెరిపేసి మనిషిని ఒంటరిగా నిలబెట్టడానికి వాడింది. హెప్‌బర్న్ ఫోటోలో తెలుపు ముఖం లోపలికి వచ్చింది. పడమటి కార్మికుల ఫోటోల్లో అది ముఖం అంచు దగ్గరే ఆగిపోయింది.

తెలుపు మీద తెలుపు వేసే సాహసం కెమెరా వాళ్లకంటే ముందు చిత్రకారులు చేశారు. జేమ్స్ విస్లర్ 1861–62లో తెల్ల తెర ముందు తెల్ల గౌను తొడుక్కున్న ఎర్రజుట్టు అమ్మాయిని చిత్రిస్తే లండన్‌లో రాయల్ అకాడమీ, మరుసటి ఏడాది పారిస్ సలోన్ రెండూ తిప్పికొట్టాయి. చివరికి తిరస్కృతుల ప్రదర్శనలో దానికి చోటు దొరికింది. ఫోటోగ్రఫీలో ఈ ధోరణి కుదురుకోవడానికి మరికొంత కాలం పట్టింది. అందుకు కారణం రసాయనికమైంది. 19వ శతాబ్దపు ప్లేట్లు దాదాపు నీలి కాంతినే చూసేవి, ఎరుపు వాటికి చీకటితో సమానం. గోధుమ రంగు చర్మం ఎరుపును ఎక్కువగా, నీలాన్ని తక్కువగా తిప్పి పంపుతుంది కాబట్టి అలాంటి ముఖాలు ప్లేటు మీద ఉన్నదానికంటే నల్లబడేవి. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్ స్టూడియోలో పనిచేసిన రోజులు అవే. 1892లో ఆయన హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా పెట్టిన జనానా స్టూడియోను ఒక బ్రిటిష్ మహిళ నడిపింది. ఆ కాలపు స్టూడియోలకు పగటి వెలుగే ప్రధాన ఆధారం. ముఖం నల్లబడితే నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీతలు దిద్దేవారు. నెగెటివ్‌లో పెన్సిల్ పడ్డచోట ప్రింటులో తెలుపు వస్తుంది. టచింగ్ పనివాళ్లు అనే ఒక వర్గమే ఈ పెన్సిల్ మీద బతికింది. మొహం తెల్లబరిచే అలవాటు మన స్టూడియోలకు కంప్యూటర్‌తో అంటుకున్నది కాదు.

ఎక్స్‌పోజర్ విషయానికి వస్తే మొదటి పేచీ మీటర్‌తోనే. కెమెరాలోని మీటర్ తన ఎదుట ఏది ఉన్నా దాన్ని నడిమి బూడిద రంగుగా తేల్చాలని చూస్తుంది. తెల్లటి గదిలో తెల్ల చీర కట్టుకున్న మనిషిని చూపిస్తే గదినీ చీరనీ బూడిద చేసి, మనిషిని ఇంకా కిందికి తోసేస్తుంది. తెలుగు పెళ్లిళ్లు తీసేవాళ్లకు ఇది మధుపర్కాల సమయంలో ఎదురవుతుంది. అప్పటిదాకా ఎర్ర పట్టుచీరలో సరిగ్గా వస్తున్న పెళ్లికూతురు, రంగు అంచు తెల్ల బట్టల్లోకి మారి వచ్చి పీటల మీద కూర్చోగానే ఫ్రేములో తెలుపు పెరుగుతుంది, ముఖం చీకటవుతుంది. అలవాటైన చేతులు ఎక్స్‌పోజర్‌ను ఒకటి, ఒకటిన్నర స్టాప్ పెంచుకుంటాయి (ఒక స్టాప్ అంటే కాంతి రెట్టింపు). ఫ్రేము నిండా తెలుపే ఉంటే రెండు స్టాపుల దాకా కూడా వెళ్లాలి. వస్తువు నుంచి తిరిగొచ్చే కాంతిని వదిలి, వస్తువు మీద పడే కాంతిని కొలిచే చేతి మీటర్‌ను గడ్డం దగ్గర పెట్టి చూస్తే ఈ గొడవే ఉండదు. బట్టలు తెల్లవా నల్లవా అన్నది దానికి అనవసరం.

ముఖాన్ని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలన్న ప్రశ్నకు అన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1939–40 ప్రాంతంలో రూపొందించిన జోన్ సిస్టమ్ ఒక కొలబద్ద ఇచ్చింది. పూర్తి నలుపు సున్నా, కాగితం తెలుపు పది, 18 శాతం కాంతిని తిప్పి పంపే బూడిద అయిదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒక స్టాప్. తెల్లజాతి వాళ్ల చర్మం ఆరో మెట్టు మీద, నల్లటి చర్మం అయిదో మెట్టు మీద ఉంటుందని ఆడమ్స్ లెక్క. హై కీ చేసేవాళ్లు చర్మాన్ని ఒక మెట్టు పైకి జరపాలని తరవాత పుస్తకాలు చెప్పాయి. ఆరో మెట్టు నుంచి ఏడుకి ఎక్కించినా తెల్ల చర్మంలో వివరం మిగులుతుంది, ఎనిమిదిలో అంతంతమాత్రం, తొమ్మిదిలో ఇక కాగితమే. ఇంతవరకు సరే. కానీ అందరి ముఖాలనూ ఏడో మెట్టుకు చేర్చడమే హై కీ అనుకున్నవాడు చామనఛాయ మనిషి దగ్గరికి వచ్చేసరికి రెండు స్టాపులో అంతకు మించో పెంచుతాడు. అప్పుడు బట్టలు, వెనక గోడ ఎక్కడికి పోతాయో అడగక్కర్లేదు. చర్మం కూడా వివరం పోకపోయినా సొంత రంగు పోగొట్టుకుంటుంది.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్ లెక్క చాలామంది ఊహించేదానికంటే సులువు. మంచి తెల్ల కాగితం తన మీద పడ్డ కాంతిలో దాదాపు 90 శాతం తిప్పి పంపుతుంది. అంటే 18 శాతం బూడిదకు అయిదు రెట్లు, స్టాపుల్లో చెబితే రెండూ మూడోవంతు. ముఖం మీద ఎంత వెలుతురు పడిందో కాగితం మీదా అంతే పడితే, మామూలు ఎనిమిది బిట్ల ఫైల్లో ఆ కాగితం 243 దగ్గర వచ్చి కూర్చుంటుంది. 255 అంటే పూర్తి తెలుపు. మిగిలిన కొద్ది దూరం దాటడానికి అర స్టాప్ చాలు. కాగితం మీద వెలుతురు అంతటా ఒకేలా పడదు కాబట్టి పని భద్రంగా జరగడానికి ఒక స్టాప్ ఇస్తారు. ముఖం ఎఫ్ 8 చూపిస్తే బ్యాక్‌గ్రౌండ్ ఎఫ్ 11. అయినా రెండు మూడు స్టాపులు ఎక్కించి ‘క్లీన్ వైట్’ తెచ్చామని సంబరపడేవాళ్లు చాలామంది. తెలుపు 255 దాటి ఇంకా తెల్లబడదు. మిగిలిన కాంతి లెన్స్ లోపలికి వచ్చి గాజు పలకల మధ్య చిందరవందరగా తిరిగి, చిత్రమంతటా పలచటి పొగమంచులా పరుచుకుంటుంది. కనుపాపల నలుపు బూడిదవుతుంది, జుట్టు అంచులు కరిగిపోతాయి. ఆ తరవాత కంప్యూటర్లో కాంట్రాస్ట్ పెంచితే బుగ్గలు బిగుసుకుంటాయే తప్ప పోయిన జుట్టు తిరిగి రాదు. దీనికి మందు వెలుతురు తగ్గించడం, మనిషిని కాగితానికి ఆరేడు అడుగులు ముందుకు జరపడం, ఫ్రేములోకి రాని తెలుపును నల్ల బోర్డులతో కప్పడం. ఖర్చు లేని పనులు కాబట్టేనేమో ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఇక కాంట్రాస్ట్. ప్రధాన దీపానికీ నీడను నింపే దీపానికీ మధ్య తేడా ఒక స్టాప్ ఉండవచ్చు, అర స్టాపే ఉండవచ్చు. తేడా తగ్గేకొద్దీ ముఖం చదును అవుతుంది. ఈ చదును కాంతిని బతుకుతెరువుగా మార్చింది టెలివిజన్. 1951లో ‘ఐ లవ్ లూసీ’ ప్రేక్షకుల ఎదుట మూడు కెమెరాలతో ఒకేసారి తీయాల్సి వచ్చినప్పుడు, నటులు ఎటు తిరిగినా నీడ అడ్డం రాని వెలుతురును కార్ల్ ఫ్రాయిండ్ పైనుంచి అమర్చాడు. జర్మనీలో ‘మెట్రోపొలిస్’ లాంటి నీడల సినిమాకు పనిచేసిన కెమెరామన్ ఆయన. నేటి తెలుగు సీరియళ్ల హాళ్లలో కోడలు, అత్త, సోఫా, పూలకుండీ ఒకే వెలుతురులో మెరవడం వెనక ఉన్నదీ ఆ అవసరమే. అదే మెత్తటి కాంతితో వేరే పని చేయించవచ్చని 1956 నాటి ‘అపరాజితో’లో సుబ్రత మిత్ర చూపించాడు. కాశీ ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్ వేసినప్పుడు పైన తెల్ల గుడ్డ కట్టి, కింది నుంచి దాని మీదికి దీపాలు కొట్టి, తిరిగి పడిన కాంతిలో చిత్రీకరించాడు. నీడ మెత్తబడింది. కాంతి ఎటునుంచి వస్తోందో మాత్రం కంటికి తెలుస్తూనే ఉంది. హై కీలో నైపుణ్యం ఈ రెండో సంగతిలో ఉందని ఒప్పుకోవాలి. నీడను పూర్తిగా చంపేసిన ముఖం పాస్‌పోర్ట్ ఫోటో అవుతుంది.

పాస్‌పోర్ట్ ఫోటోను ఇక్కడ చులకన చేయడానికి లేదు. అమెరికా వీసాకు అడిగే 51 మిల్లీమీటర్ల చదరపు ఫోటో కోసం హైదరాబాద్, విజయవాడ, గుంటూరు స్టూడియోలకు వచ్చేవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. తెల్లటి లేదా దానికి దగ్గరి బ్యాక్‌గ్రౌండ్, ముఖం మీద నీడ పడకూడదు, చర్మం రంగు సహజంగా ఉండాలి, ఫోటోను కంప్యూటర్లో దిద్దకూడదు. అలంకారం లేకపోయినా, తెలుపును వెనకే ఉంచి ముఖాన్ని దాని రంగులో వదిలేయడం సాధ్యమేనని ఆ నియమాలు రుజువు చేస్తున్నాయి.

నలుపు ఎంత ఉండాలన్న దగ్గర ఫోటోగ్రాఫర్లు రెండుగా చీలిపోయారు. నడిమి బూడిదకు కింద ఏ ఛాయా ఉండకూడదని ఒక పక్షం. కనుపాప, కనురెప్పల వెంట్రుకలు లాంటి చిన్న చుక్కల్లోనైనా అసలైన నలుపు ఉంటేనే తెలుపు తెలుపుగా కనబడుతుందని రెండో పక్షం. 1940ల చివర, 50లలో ‘హార్పర్స్ బజార్’కు పనిచేసిన లిలియన్ బాస్‌మన్ ఈ రెండో దారిని కొసదాకా తీసుకువెళ్లింది. డార్క్‌రూమ్‌లో బ్లీచ్‌తో ప్రింటులోని బూడిద ఛాయలను తొలిచేసి, మెడ వంపు, టోపీ అంచు, కనురెప్ప లాంటి కొద్దిపాటి నలుపులను మిగిల్చేది. ఫోటో కంటే ఒక కుంచె గీతలా ఉండేవి ఆ చిత్రాలు. చిత్రమంతా తెలుపు, కాంట్రాస్ట్ మాత్రం ఎక్కువ. హై కీ అంటే తప్పనిసరిగా తక్కువ కాంట్రాస్ట్ అని బట్టీ పట్టినవాళ్లకు ఆమె చిత్రాలు జవాబు.

మొదటి పక్షం నియమం మన దగ్గర అసలు చెల్లదు. బంగారు జుట్టు, నీలి కళ్లు ఉన్న మనిషి ఎదుట కూర్చుంటే అన్ని ఛాయలనూ నడిమికి పైన ఉంచడం తేలికే. నల్లటి జడ, కాటుక, నల్లని కనుబొమలు ఉన్న తెలుగు ముఖంలో ఆ నియమం పాటించాలంటే జుట్టును బూడిదగా మార్చాలి. చాలామంది చేసే పొరపాటు అదే. నలుపును లేపడానికి ఎక్స్‌పోజర్ పెంచుతారు, జుట్టు లేవదు, ముఖం కొట్టుకుపోతుంది. జుట్టును నలుపుగా ఒప్పుకుని, అందులో పాయలు విడివిడిగా కనిపించేలా పక్కనుంచి ఒక తెల్ల బోర్డు కాంతి అందిస్తే చాలు. కాటుక, బొట్టు, జడ కలిసి చిత్రానికి కావలసిన నలుపును అడక్కుండానే ఇస్తాయి. ఈ విషయంలో తెలుగు ముఖం హై కీకి ఇబ్బంది కాదు, వరం.

ఫిల్ము నుంచి డిజిటల్‌కు మారాక తప్పు చేసే చోటు మారింది. హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లో ప్రకటించిన వక్రరేఖ ప్రకారం ఫిల్ము పైచివర భుజంలా వంగుతుంది. కాంతి పెరిగేకొద్దీ స్పందన నెమ్మదిస్తుంది కాబట్టి బుగ్గ మీది మెరుపు మెల్లగా తెలుపులోకి జారుతుంది. కలర్ నెగెటివ్‌ను ఒక స్టాప్ ఎక్కువ కాంతితో తీసి లేత రంగులు రాబట్టడం పెళ్లి ఫోటోగ్రాఫర్లకు తెలిసిన చిట్కా. సెన్సార్‌కు ఆ భుజం లేదు. నిండేదాకా నిటారుగా పోయి ఒక్కసారి ఆగిపోతుంది. అయితే దానికొక అనుకూలత ఉంది. 14 బిట్ల రా ఫైల్లో ఉన్న 16,384 స్థాయుల్లో సగం, అంటే 8,192, అన్నిటికంటే వెలుతురు స్టాప్‌లోనే ఉంటాయి. ఫోటోషాప్ సృష్టికర్తల్లో ఒకరైన థామస్ నోల్‌తో మాట్లాడాక ఫోటోగ్రాఫర్ మైకేల్ రైక్‌మన్ 2003లో ‘హిస్టోగ్రామ్‌ను కుడివైపు నెట్టండి’ అని రాసింది ఈ లెక్క చూసే. తెలుపు మీద తెలుపు తీసేవాళ్లకు దీని అర్థం, మెరుగైన సమాచారమంతా వాళ్లు పనిచేసే చోటే ఉంది, హిస్టోగ్రామ్ అనే ఛాయల పటంలో కుడి చివరి గోడ దాటకుండా ఉంటే.

గోడ ఎక్కడుందో హిస్టోగ్రామ్ నిజం చెప్పకపోవచ్చు. కెమెరా వెనక కనిపించే తెల్ల హిస్టోగ్రామ్ మూడు రంగులను కలిపి చూపిస్తుంది. చర్మంలో ముందు నిండిపోయేది ఎరుపు. కలిపి చూసినప్పుడు ఇంకా చోటున్నట్టే ఉంటుంది, ఎరుపు మాత్రం అప్పటికే తెగిపోయి ఉంటుంది. బుగ్గ గులాబీ ఛాయ పోగొట్టుకుని పసుపుగా, పలకలా మారడం దాని గుర్తు. మంగళస్నానం నాటి ఫోటోల్లో ఇది రెట్టింపు. పసుపు రాసిన ముఖంలో ఎరుపు, ఆకుపచ్చ రెండూ పైనే ఉంటాయి, నీలం అడుగునే ఉంటుంది. కాస్త ఓవరైతే ముఖం మొత్తం ఒకే పసుపు మచ్చ. రంగులను విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గోడను తాకకముందే ఆగడం తప్ప దారి లేదు.

చర్మం రంగు చర్చ లేకుండా హై కీ చర్చ పూర్తికాదు. కోడాక్ కలర్ ప్రింట్లను సరిచూసుకోవడానికి లాబ్‌లకు పంపిన నమూనా కార్డుల మీద దశాబ్దాలపాటు ఉన్నది తెల్ల చర్మపు అమ్మాయిలే. మొదటి మోడల్ పేరుతో వాటిని షర్లీ కార్డులు అన్నారు. ఆ చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ఈ చరిత్రను వివరంగా రాసింది. మన దేశంలో 1975లో మార్కెట్లోకి వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసుకునే వరకు, ముఖం తెల్లబడటమే మేలు అన్న నమ్మకాన్ని ప్రకటనలు ప్రతి ఇంటికీ చేరవేశాయి. పెళ్లిచూపులకు పంపే ఫోటోలో ‘కాస్త బ్రైట్ చెయ్యండి’ అనే కోరిక స్టూడియో కౌంటర్ల దగ్గర కొత్తేమీ కాదు. అలా తెల్లబరిచిన ఫోటోకు హై కీ అని పేరు పెడితే గౌరవంగా వినిపిస్తుంది, అంతే. అది శైలి అనిపించుకోదు.

నల్లటి చర్మంతో నిజమైన హై కీ ఎలా అన్నదానికి సాంకేతికంగా మంచి జవాబే ఉంది. లేత చర్మంలో ఆకారాన్ని నీడ చెబుతుంది, ముదురు చర్మంలో మెరుపు చెబుతుంది. అమెరికన్ టీవీ సీరియల్ ‘ఇన్‌సెక్యూర్’కు పనిచేసిన సినిమాటోగ్రాఫర్ ఏవా బెర్కాఫ్‌స్కీ నల్లజాతి నటుల చర్మానికి మెరుపునిచ్చే మాయిశ్చరైజర్ రాయించి, దీపాల ముడి కాంతి కంటే పెద్ద తెల్ల పలకల నుంచి తిరిగొచ్చే కాంతిని వాడినట్టు వివరించింది. పలక పెద్దదైతే చెంప ఎముక మీద మెరుపు వెడల్పుగా, మెత్తగా పరుచుకుంటుంది. ఎక్స్‌పోజర్ పెంచకుండానే ముఖం వెలిగినట్టు ఉంటుంది. మన దగ్గర మేకప్‌వాళ్లు మెరుపు కనిపిస్తే చాలు పౌడర్ కొడతారు. లేత చర్మానికి ఏర్పడిన అలవాటు అది. చామనఛాయ ముఖానికి ఉన్న ఒకే ఒక్క ఆకారపు ఆధారాన్ని అది తుడిచేస్తుంది.

అచ్చుకు వెళ్లినప్పుడు ఇంకో సమస్య. ఆఫ్‌సెట్ ముద్రణలో తెలుపు ప్రాంతంలో సిరా చుక్కలు మరీ చిన్నవైతే పట్టుకోవు. అక్కడ ఉత్త కాగితమే మిగులుతుంది, పక్కనున్న లేత ఛాయతో మధ్య గీత గీసినట్టు తెలిసిపోతుంది. పెళ్లి ఆల్బమ్ తెల్ల పేజీలో తెల్ల ఫోటో పెడితే అంచు ఎక్కడో తెలియదు. అందుకే జాగ్రత్తగల డిజైనర్లు లేత బూడిద సన్నగీత చుట్టూ పెడతారు. న్యూస్‌ప్రింట్ మీద హై కీ జోలికి పోకపోవడమే మేలు, కాగితమే బూడిద.

ఫోన్లు ఈ మొత్తం కథను తలకిందులు చేశాయి. గూగుల్ ఫోన్లలోని హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతి తెలుపు తెగిపోకుండా కావాలనే తక్కువ ఎక్స్‌పోజర్‌తో వరసగా ఫ్రేములు తీసి కలుపుతుంది. కిటికీ ముందు కూర్చోబెట్టి తెల్లగా కరిగిపోయే ఫోటో తీద్దామనుకుంటే, అది తప్పు అనుకుని కిటికీ అవతలి చెట్లను తెచ్చి ముందు పెడుతుంది. మరోపక్క ఆపిల్ 2019లో ఐఓఎస్ 13తో ‘హై కీ లైట్ మోనో’ అనే పోర్ట్రెయిట్ వెలుగును చేర్చింది. అది మనిషిని వెనక దృశ్యం నుంచి వేరుచేసి, బ్లాక్ అండ్ వైట్‌గా మార్చి, వెనక పూర్తి తెలుపు పెడుతుంది. జుట్టు నున్నగా దువ్వి ఉంటే బాగానే వస్తుంది. గాలికి రేగిన వెంట్రుకలు, జడలో మల్లెదండ ఉంటే కత్తెర తడబడుతుంది. చర్మం రంగు సంగతిలో కొంత కదలిక వచ్చింది. 2021లో పిక్సెల్ 6తో గూగుల్ ‘రియల్ టోన్’ను ప్రవేశపెట్టింది, 2022లో హార్వర్డ్ సామాజికశాస్త్రవేత్త ఎల్లిస్ మంక్ రూపొందించిన పది ఛాయల చర్మ కొలమానాన్ని అందరికీ విడుదల చేసింది. ఆ కదలిక కెమెరా లోపలికి చేరింది గానీ, పెళ్లి ఫోటోలు చివరికి వెళ్లేది ఎడిటర్ టేబుల్ మీదికి. అక్కడ వందల ఫోటోల మీద ఒకేసారి రుద్దే ‘బ్రైట్’ ప్రీసెట్ వధువుకీ, వరుడికీ, పక్కన నిలబడ్డ మేనమామకీ ఒకే ఎక్స్‌పోజర్ అంకెను కలుపుతుంది.